వానపాములతో తీర్చుకున్న పగ

భూమి మీద ఇప్పటిదాకా పుట్టిన రాజులందరి సైన్యాలనూ ఒకచోట చేర్చినా మా అమ్మమ్మ సైన్యంలో సగానికి రావు. ఆ రాజులు గొంతు చించుకుని అరిస్తే గాని ఒక్కడూ కదిలేవాడు కాదట. మా అమ్మమ్మ నోరు కూడా విప్పదు. స్విచ్చి నొక్కుతుంది. నాలుగు లక్షల మంది ఒక్కసారిగా తల వంచి, ఎదురు మాట్లాడకుండా మట్టిలోకి దిగిపోతారు. ఒక్కడూ సెలవు అడగడు, ఒక్కడూ అలగడు. వాళ్ళకు కళ్ళు లేవు, చెవులు లేవు, కాళ్ళూ లేవు. అయినా అమ్మమ్మ మాట వినే విషయంలో మా ఇంట్లో అన్నీ ఉన్నవాళ్ళకంటే వాళ్ళే నయం.

ఆ సైన్యం వానపాములది. తోటలకు ఎరువు చేసి అమ్మే ఒక పొడవాటి రేకుల షెడ్డులో అమ్మమ్మ ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తోంది. చెప్పుకోవడానికి తేలిక పనే. తొట్లలో ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, పేడ వేస్తారు. వానపాములు వాటిని తిని నల్లటి పొడి ఎరువు చేస్తాయి. చిక్కంతా ఆ తరవాతే. ఎరువు సంచిలోకి పోవాలి, వానపాములు మళ్ళీ తొట్టిలోకి పోవాలి. రెండూ ఒకదాన్నొకటి వదలవు. అమ్మమ్మ చేరిన కొత్తలో జల్లెడ పట్టేవాళ్ళు. జల్లెడ పడితే సగం పాములు తెగి చచ్చేవి. చేత్తో ఏరితే ఒక్క తొట్టికి రోజంతా పట్టేది.

ఒక రోజు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి అమ్మమ్మ తలుపు తీసింది. తలుపు సందులోంచి బెత్తెడు వెడల్పున ఎండ ఒక చారలా ఎరువు కుప్ప మీద పడింది. కుప్ప మీద ఎక్కడ చూసినా పాములు మెసులుతున్నాయి. ఆ చార పడినచోట మాత్రం కాసేపటికి ఒక్కటీ లేదు. తలుపు ఇంకాస్త తీసింది. చార వెడల్పయింది, ఖాళీ కూడా అంతే వెడల్పయింది. ఇంకొకరైతే ‘ఓహో’ అనుకుని చీపురు అందుకునేవారు. అమ్మమ్మ చీపురు అవతల పడేసి, తలుపు తీస్తూ మూస్తూ మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది. ఆ పూట మేస్త్రీ చేత తిన్న చీవాట్లు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది.

ఆ తరవాత నెల తిరక్కుండా పద్ధతి కుదిరింది. బల్ల మీద ఎరువును చిన్న కొండలా పోయడం, మీద బలమైన బల్బు వేయడం, పది నిమిషాలు ఆగడం. పాములు వెలుగుకు తాళలేక లోపలికి దిగుతాయి. అప్పుడు పైపొర గీకి పక్కకు తీస్తే అందులో ఒక్క పామూ ఉండదు. మళ్ళీ పది నిమిషాలు, మళ్ళీ ఒక పొర. చివరికి బల్ల మీద మిగిలేది ఒకదానికొకటి చుట్టుకున్న పాముల ముద్ద. దాన్ని రెండు చేతులా ఎత్తి కొత్త తొట్టిలో దింపుతుంది. ఆ తొట్టి మీద కూడా రెండు రోజులు బల్బు వెలుగుతూనే ఉండాలి. లేకపోతే కొత్త ఇల్లు నచ్చక అంచులెక్కి వెళ్ళిపోతాయి.

“కళ్ళు లేనివాటికి వెలుగెలా తెలుస్తుంది అమ్మమ్మా?” అని మనవరాలు ఒకసారి అడిగింది. ఆ మనవరాలు తొమ్మిదో తరగతి దాకా చదివి, సైన్సు మాస్టారికి ఒక దణ్ణం పెట్టి బయటపడిన రకం.

“ఒంటికి తెలుస్తుందే. మీ నాన్న గుమ్మంలోకి రాగానే నీ వీపుకు తెలిసిపోదూ, ఫోను దిండు కింద దాచెయ్యవూ? అలాగే.”

ఈ వెలుగు పిచ్చి అమ్మమ్మ ఇంటికి కూడా తెచ్చుకుంది. కిటికీలోని మొక్క అటు వంగితే కుండీని ఇటు తిప్పి, మళ్ళీ ఎన్ని రోజులకు అటు తిరుగుతుందో చూసేది. పిల్లి పొద్దుట తలుపు దగ్గర, మధ్యాహ్నం బీరువా దగ్గర పడుకుంటుంది, ఎండ ముక్క ఎటు జరిగితే అటు. తాతయ్య కుర్చీ పిల్లి వెనకాలే జరుగుతుంది. బల్లి మాత్రం దీపం కోసం రాదు, దీపానికొచ్చే పురుగుల కోసం వస్తుంది. అది వేరే లెక్క అంటుంది అమ్మమ్మ. మనుషుల్ని కూడా ఆవిడ ఇలాగే రెండు రకాలుగా విడదీస్తుంది: వెలుగు చూసి వచ్చేవాళ్ళు, వెలుగు చూసి తప్పుకునేవాళ్ళు. తనది రెండో రకం. పెళ్ళి ఫోటోల్లో కూడా ఆవిడ మొహం ఎక్కడా పూర్తిగా లేదు. మొగుడు ఫోటోలు తీసేవాడైనా సరే.

మొదటి రకం మనిషి షెడ్డుకు సూపర్‌వైజరుగా వచ్చాడు. ఎరువు షెడ్డులో తెల్ల కోటు తొడుక్కునేవాడు. అందుకే అందరూ ఆయన్ని కోటాయన అనేవాళ్ళు. పాముల్ని ముట్టుకోవాలంటే ఒళ్ళు జలదరించేది గాని, ఎక్కడ ఎవరి చేతిలో కెమెరా కనిపించినా దీపపు పురుగులా అక్కడికి చేరిపోయేవాడు. అమ్మమ్మ బల్ల పక్కన స్టూలు వేసుకుని నాలుగు రోజులు కూర్చున్నాడు. “ఎలా చేస్తావమ్మా, ఏదీ ఇంకోసారి చూపించు,” అన్నాడు. టీ తెప్పించి ఇచ్చాడు. అమ్మమ్మ మురిసిపోయి చేతిలో ఉన్నదంతా చెప్పేసింది. ఒక్కటి మాత్రం ఐదో రోజు చెబుదామనుకుంది. ఐదో రోజు ఆయన స్టూలు వేయలేదు.

నెల తరవాత పేపర్లో ఫోటో వచ్చింది. కోటాయన బల్బు మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. కింద ‘వెలుగుతో వానపాములను వేరుచేసే పద్ధతి కనిపెట్టిన నిపుణుడు’ అని ఉంది. ఆ ఫోటోకు చట్రం కట్టించి షెడ్డు గోడకు తగిలించారు. ఫోటో ఎడమ అంచున ఒక మోచెయ్యి కనిపిస్తుంది. అది అమ్మమ్మది.

ఆవిడ ఆఫీసు గదికి వెళ్ళి నిలబడింది. “సార్, కింద ఓ మూల నా పేరు కూడా రాయించండి.”

కోటాయన కాగితాల్లోంచి తల ఎత్తలేదు. “చూడమ్మా, నువ్వు పట్టింది పురుగుల్ని. నేను పట్టింది సూత్రాన్ని. రెంటికీ తేడా ఉంది.”

వారం తిరగకుండా ఆవిణ్ణి బల్ల మీంచి తీసి సంచులు కుట్టే మూలకు పంపాడు. వయసు మీద పడుతోంది, కూర్చుని చేసుకునే పని ఇస్తున్నాను అన్నాడు. అప్పటికి అమ్మమ్మకు యాభై రెండు. తన బల్ల ఇరవై అడుగుల దూరంలో కనిపిస్తూనే ఉండేది. వేరే వాళ్ళు కొండలు పోసి, బల్బు వేసి, ఆరు నిమిషాలకే తొందరపడి గీకుతుంటే ఆవిడ వేళ్ళు సూది మీద బిగుసుకునేవి. పదకొండేళ్ళు ప్రతి సంచి మూతినీ ఆయన మూతి అనుకుని కుట్టింది. అందుకేనేమో, ఆవిడ కుట్టిన సంచి ఒక్కటి కూడా విడిపోయి తిరిగి రాలేదు.

ఆ మూలలో ఆవిడ పక్కన కుట్టేది మా నాన్నమ్మ. అమ్మమ్మ కూతుర్ని నాన్నమ్మ కొడుక్కిచ్చారు కాబట్టి ఇద్దరూ వియ్యపురాళ్ళు. ఒకరినొకరు ‘వదినగారూ’ అని పిలుచుకుంటూ, ఆ గారు వెనకాలే ఒకరి గుట్టు ఒకరు బయటపెట్టుకుంటూ ఉంటారు.

మొన్న వర్షాలు వెలిశాక నాన్నమ్మే ఆ కబురు మోసుకొచ్చింది. “విన్నారా వదినగారూ, పెద్ద షెడ్డు కడుతున్నారట. యజమానురాలు గురువారం పదిమంది కొనుగోలుదార్లను తీసుకొస్తోందట. సారు స్వయంగా చేసి చూపిస్తారట.”

“ఆయన చేసి చూపిస్తాడా? చేతికి పాము తగిలితే మూర్ఛపోడూ?”

“తొడుగులు తెప్పించుకున్నాడట. అసలు సంగతి వినండి. కొత్త షెడ్డు గుమ్మం పక్కన ఆ ఫోటోనే తలుపంత పెద్దది చేసి పెడతారట. ఈసారి మోచెయ్యి కత్తిరించేస్తారట.”

అమ్మమ్మ సూది ఆగింది. పుస్తకమంత అబద్ధాన్ని పదకొండేళ్ళు చూస్తూ కూర్చుంది. అదిప్పుడు తలుపంత కాబోతోంది. పైగా కొత్త షెడ్డులో సంచులు మెషిన్లు కుడతాయి. సూదులు పట్టుకున్న ఇద్దరినీ ఇంటికి పొమ్మంటారు. ఆవిడ వెళ్ళిపోయాక ఆ బల్బు ఎవరిదని అడిగేవాళ్ళు కూడా ఉండరు. గురువారం దాటితే ఆ ఫోటో ఇక గోడ మీంచి దిగదు.

“వదినగారూ,” అంది అమ్మమ్మ చాలా మెల్లగా, “మా ఇంటి ఎర్ర బల్బు గుర్తుందా?”

నాన్నమ్మకు గుర్తుంది. తాతయ్య ఫోటోలు కడిగే చీకటిగదిలో ఎర్ర బల్బు ఉండేది. కోటాయన రాకముందు, ఒక వర్షపు రోజున బల్ల మీది తెల్ల బల్బు మాడిపోతే, అమ్మమ్మ ఇంటికి పరిగెత్తి ఆ ఎర్ర బల్బు తెచ్చి తగిలించింది. పది నిమిషాలు ఆగింది, ఇరవై ఆగింది. పాములు దిగలేదు. పైనే పాకుతూ, తొట్టిలో చీకట్లో ఉన్నట్టే తిరుగుతూ ఉన్నాయి. ఎర్ర వెలుగు వానపాములకు వెలుగు కిందే లెక్క కాదు. ఐదో రోజు చెబుదామని ఆవిడ దాచుకున్న ఆ ఒక్కటీ ఇదే.

“ఇప్పుడది ఎందుకు?” అంది నాన్నమ్మ. వెంటనే అర్థమైంది, సూది వేలికి గుచ్చుకుంది. “అమ్మో, వద్దు వదినగారూ. ఆయనకూ పెళ్ళాం పిల్లలున్నారు.”

“నాకు లేరూ? ఒకదాన్ని మీ ఇంటికే ఇచ్చాను, మర్చిపోయారా?”

“మీరు వెళ్ళి ఎర్ర బల్బు పెడితే ఎవరు పెట్టారని అడగరా?”

“నేనెందుకు పెడతాను? ఆయనే పెట్టుకుంటాడు.” అమ్మమ్మ దారం కొరికింది. “ఆ మనిషికి ఏదైనా ఇస్తే తీసుకోడు. పక్కవాళ్ళది అయితే వదలడు.”

మర్నాడు టీ వేళకు ఇద్దరూ వెళ్ళి సరిగ్గా ఆఫీసు గది కిటికీ కింద కూర్చున్నారు. లోపల కుర్చీ కిర్రుమన్న శబ్దం వినబడేదాకా అమ్మమ్మ గ్లాసులో టీ ఊదుతూనే ఉంది. తరవాత గొంతు తగ్గించింది, అయితే కిటికీ దాకా వినబడేంత మాత్రమే తగ్గించింది.

“ఆ తెల్ల బల్బుల కింద ఎరువు బూడిదలా కనిపిస్తుంది వదినగారూ. ఫోటోలు తీస్తే పాలిపోయి వస్తాయి. గిఫ్టులకు చుట్టే, అవతలికి కనిపించే పలచటి ఎర్ర కాగితం రెండు మడతలు బల్బులకు చుట్టి, కిటికీలకు నల్ల తెరలు వేస్తే చూడాలి. ఎరువు నిగనిగలాడుతుంది. వచ్చినవాళ్ళ కళ్ళకు చల్లగా ఉంటుంది. మా ఆయన ముప్పై ఏళ్ళూ ఎర్ర వెలుగులోనే ఫోటోలు కడిగాడు.”

“మరి సారుకు చెప్పండి,” అంది నాన్నమ్మ. పాఠం అప్పజెప్పినట్టు అంది. నటన ఆవిడ వల్ల కాదు.

“మన మాట ఎవరు వింటారు? నాకు తోచింది నా దగ్గరే ఉండనీ.”

బుధవారం సాయంత్రానికల్లా ఎలక్ట్రీషియన్ ఎర్ర కాగితాల చుట్టతో, నల్ల తెరలతో దిగాడు. “సారు రాత్రంతా ఆలోచించారట, బల్బులకు రంగు వేయాలని తోచిందట,” అన్నాడు. అమ్మమ్మ తల ఊపి, “ఆయన బుర్రే బుర్ర బాబూ,” అంది. నాన్నమ్మ దగ్గు వచ్చిందంటూ బయటికి పోయింది.

అయితే గురువారం మధ్యాహ్నం దాకా అమ్మమ్మకు కుదురు లేదు. ఆయన ఒక్కసారి ముందే చేసి చూసుకుంటే అంతా వృథా. తొడుగులు వేసుకుని ఒక చిన్న కుప్ప పోసి పది నిమిషాలు నిలబడితే చాలు, గుట్టు తెలిసిపోతుంది. అమ్మమ్మ సంచి కుడుతూ ఆయన అడుగుల చప్పుడే వింటూ కూర్చుంది. ఆయన రెండుసార్లు బల్ల దగ్గరికి వచ్చాడు. ఒకసారి కోటు మీద మరకలు చూసుకున్నాడు. ఇంకోసారి ఎర్ర వెలుగులో తన మొహం ఫోటోలో ఎలా పడుతుందో ఫోనుతో తీసి చూసుకున్నాడు. పాముల వైపు కన్నెత్తి చూడలేదు. బల్ల మీద పనిచేసే ఆడవాళ్ళను ఉతికిన బట్టలతో వాకిట్లో వరుసగా నిలబెట్టాడు. కుప్పలు పోసే పని చివరికి సంచుల మూల వాళ్ళ మీదే పడింది. అమ్మమ్మ పదకొండేళ్ళ తరవాత తన బల్ల మీద చెయ్యి వేసింది. అన్ని తొట్లలోకీ పాములు కిక్కిరిసిన తొట్టి ఎక్కడుందో ఆవిడకు చూడకుండానే తెలుసు. అదే తెచ్చి పోసింది.

యజమానురాలు వచ్చింది. పొడుగ్గా, మాట తక్కువగా ఉండే మనిషి. వెనకాల పదిమంది, వాళ్ళ చేతుల్లో ఫోన్లు. అన్ని ఫోన్లు చూడగానే కోటాయన మొహం విచ్చుకుంది. నల్ల తెరలు దించారు, ఎర్ర బల్బులు వెలిగాయి. ఎరువు నిజంగానే నిగనిగలాడింది.

“ఈ జీవులకు కళ్ళు లేవు,” అని మొదలుపెట్టాడాయన, అతిథుల వైపు తిరిగి, బల్లకు వీపు పెట్టి. “కాని చర్మం మీద వెలుగు పడిందంటే ఒక్క క్షణం నిలవవు. ఇది నేను గమనించిన సూత్రం. పది నిమిషాల్లో పైపొర పూర్తిగా శుభ్రం.” పది నిమిషాలూ ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన వెనకాల కుప్ప నిమ్మళంగా కదులుతూనే ఉంది. ఎర్రటి వెలుగులో ఎర్రటి పాములు దూరం నుంచి ఎవరికీ ఆనలేదు. చేతికి తొడుగులున్న ధైర్యంతో ఆయన వెనక్కి చూడకుండానే పైపొర దోసిట్లోకి తీసి, నవ్వుతూ యజమానురాలి అరచేతిలో పోశాడు. “చూడండి మేడమ్. ఒక్కటంటే ఒక్కటి ఉండదు.”

ఆవిడ అరచేతిలో ఏడు పాములున్నాయని నాన్నమ్మ అంటుంది. గుప్పెడున్నాయని అమ్మమ్మ అంటుంది. ఎన్నైనా, ఒకటి ఆవిడ గడియారం పట్టీ కిందికి దూరింది. ఆవిడ అరవలేదు. దాన్ని మెల్లగా లాగి బల్ల మీద పెట్టింది.

“ఇవేమిటి?” అంది.

“బల్బులు సరిపోలేదు మేడమ్. ఇంకో రెండు వేయిస్తాను.” ఇంకో రెండు ఎర్ర బల్బులు వేయించాడు. ఇంకో పది నిమిషాలు గడిచాయి. ఒకాయన దగ్గినట్టు నవ్వాడు. కోటాయన ఈసారి కుప్పను చూశాడు. చూసి, తొడుగు వేసుకున్న చేత్తోనే నుదురు తుడుచుకున్నాడు, నుదుటి మీద నల్లటి ఎరువు చార పడింది. పాపం, అది కూడా ఎవరూ చెప్పలేదు.

“ఎందుకు దిగడం లేదు?” అంది యజమానురాలు.

“వాతావరణం… తేమ… బహుశా పాములకు జబ్బు…”

“ఇక్కడ ఎవరికైనా తెలుసా?”

నాన్నమ్మ ఆగలేక అమ్మమ్మ వీపు మీద పొడిచింది. అమ్మమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. “నాకేం తెలుసమ్మగారూ. నేను పురుగుల్ని పట్టేదాన్ని. సూత్రం పట్టింది సారు. సారునే అడగండి.”

“సారుకు తెలియదని అర్థమవుతోంది. నీకు తెలిస్తే చెప్పు.”

“నేను చెబుతానండీ. సారు అడిగితే చెబుతాను.”

అమ్మమ్మ ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడింది, తొందరేమీ లేనట్టు. పదకొండేళ్ళు ఆగిన మనిషికి ఇంకో నిమిషం లెక్క కాదు. కోటాయన యజమానురాలిని చూశాడు, ఫోన్లను చూశాడు, నేల చూశాడు.

“చెప్పమ్మా,” అన్నాడు చివరికి, గొణుగుతూ.

“మా వియ్యపురాలికి చెవులు సరిగా పనిచెయ్యవు సార్. కొంచెం గట్టిగా.”

“ఇది ఎలా పనిచేస్తుందో నాకు తెలియదు. నువ్వు చెప్పు.”

అమ్మమ్మ స్టూలు ఎక్కి ఎర్ర కాగితం చించింది. తెల్లటి వెలుగు ఒక్కసారిగా కుప్ప మీద పడింది. పైనున్న పాములు ఉలిక్కిపడి కొనలు ముడుచుకుని, ఒకదాని వెనక ఒకటి లోపలికి దిగాయి. గీకడానికి ఎవరో ముందుకు వస్తే, “ఇంకా నాలుగు నిమిషాలు,” అని ఆపింది. ఆ నాలుగూ అయ్యాక పైపొర తీసి యజమానురాలి చేతిలో పోసింది. ఆవిడ వేళ్ళతో కెలికి కెలికి చూసింది. ఏమీ లేదు.

“ఎరుపు వాటికి చీకటమ్మగారూ. ఈ బల్బు పద్ధతి మొదట పెట్టినదాన్ని నేనే కాబట్టి నాకు తెలుసు. అదిగో, ఆ ఫోటోలో మోచెయ్యి కూడా నాదే.” మోచెయ్యి ఎత్తి, ఫోటో పక్కన పెట్టి చూపించింది. మచ్చతో సహా సరిపోయింది.

సాయంత్రానికి గోడ మీద చట్రం గుర్తు మాత్రం మిగిలింది. సోమవారం అమ్మమ్మ తన బల్ల దగ్గరికి వెళ్ళింది. నాన్నమ్మను కూడా తన పక్కకు లాక్కుంది. లేకపోతే పోట్లాడటానికి మనిషి దొరకదని. యజమానురాలు కోటాయన్ని పనిలోంచి తీసెయ్యలేదు, నెల రోజులు బల్ల దగ్గర పని నేర్చుకోమంది. తొడుగులు వాడనివ్వకూడదని అమ్మమ్మ షరతు పెట్టింది. మొదటిరోజు పాముల ముద్దను రెండు చేతులా ఎత్తమంటే ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. “కళ్ళు లేకపోయినా ఒంటికి తెలుస్తుంది సార్,” అంది అమ్మమ్మ. “ఇంకోసారి ఎత్తండి.” ఆ రోజు పద్నాలుగుసార్లు ఎత్తించింది. తొమ్మిదోసారికి ఆయన చేతులు వణకడం మానేశాయని, అది చూసి అమ్మమ్మ కాస్త నిరుత్సాహపడిందని నాన్నమ్మ చెబుతుంది.

ఇదంతా రాసి మనవరాలు ఒక ఆదివారం పొద్దున అమ్మమ్మకు చదివి వినిపించింది. ఆవిడ గోడకు ఆనుకుని, కిటికీ వెలుగుకు వీపు పెట్టి మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. అయిపోయాక మనవరాలు కాగితాలు మడిచి, “ఇప్పటికైనా నీ కడుపుమంట చల్లారిందా? ఆయన మీద కోపం పోయిందా?” అని అడిగింది.

“పోలేదు,” అంది అమ్మమ్మ. “ఆయన నుదురు తుడుచుకున్న చోట ‘పాపం’ అని రాశావు. ఎవరి తరఫున రాస్తున్నావే నువ్వు? అది కొట్టేసి మళ్ళీ చదువు.”